మూత ముట్టుకోవద్దన్నాను

చాలా చిన్న ప్రయాణం ఇది. హైదరాబాద్ నుంచి వికారాబాద్, ధారూర్ మీదుగా తాండూరు. నూట పది కిలోమీటర్ల పైచిలుకు. బస్సులో మూడు గంటలు, రైల్లో ఇంకా తక్కువ. నాకు పూర్తిగా ఒక పగలు పట్టింది. ఆ దారిలో చూడదగ్గ చోట్ల గురించి రాసినవాళ్ళు చాలామంది ఉన్నారు. నేను బండి ఆగిన చోట్ల గురించి రాస్తాను. ఎండాకాలంలో పాత బండి మీద దూరం పోయేవాళ్ళు చదవాలని రాస్తున్నాను.

బయలుదేరే ముందు

బండి మా బావది. బావ పేరు శరణప్ప. తాండూరులో నాపరాళ్ళ వ్యాపారం. పోయిన ఏడాది మే నెలలో, వికారాబాద్‌లో ఇల్లు కట్టుకుంటున్న ఒకాయనకి బండల నమూనాలు చూపించి తిరిగి వస్తూ, ధారూర్ దాటాక రోడ్డు పక్కన వడదెబ్బ తగిలి పడిపోయాడు. సాయంత్రానికి పోయాడు. నలభై నాలుగేళ్ళు.

బండిని చూడలేనని అక్క దాన్ని నా దగ్గరికి పంపించేసింది. మా అపార్ట్‌మెంట్ కింద దాదాపు ఏడాదిగా ఉంది. వారానికోసారి కూరగాయల మార్కెట్ దాకా తిప్పేవాణ్ణి. ఒక్కసారి కూడా ఆగలేదు.

ఈ మే నెల మొదట్లో అక్క ఫోన్ చేసింది.

“సంవత్సరీకానికి వస్తవ్ గద తమ్మీ. బండి మీదనే రా. ఆయన వచ్చిన తొవ్వల్నే, ఆయన వచ్చిన యాల్లకే రా.”

“ఎండ మస్తు ఉంటదక్కా.”

“ఉండనీ. వడదెబ్బ తాకింది, గది నాకెరుకే. ఎండల ఎందుకు నిలబడ్డడు? గంత మంచి బండి ఎందుకాగింది? నువ్వు చదువుకున్నోనివి. చూసి చెప్పు.”

ఏడాది పొడుగునా ఆమె ఎవరిని అడిగినా ఈ ఒక్క ప్రశ్నే అడిగింది. జవాబు తీసుకుని వస్తానని మాటిచ్చాను.

నేను మెకానికల్ డిప్లొమా చేసి, నీళ్ళ పంపులు తయారుచేసే కంపెనీలో పరీక్షల విభాగంలో పనిచేస్తున్నాను. తప్పు ఎక్కడుందో వెతకడం, దేని తర్వాత ఏది వెతకాలో కాగితం మీద పెట్టడం నా ఉద్యోగం. ముందురోజు సాయంత్రం బండి కోసం పదకొండు అంశాలు రాసుకుని, ఒక్కొక్కటే చూసి టిక్కు పెట్టాను. ప్లగ్గు, వైరు, చైను, బ్రేకులు, టైర్లలో గాలి, అట్లా. పెట్రోల్ ట్యాంకు మూత ఆ జాబితాలో లేదు. దాన్ని నేనే బాగుచేశాను కనుక లేదు.

బావకి ఒక అలవాటుండేది. పొద్దున్నే బంకుకు పోయి ట్యాంకు మెడదాకా పోయించేవాడు. భూమి లోపలి చల్లదనంలోంచి వచ్చిన పెట్రోల్ ఎండకి పెరుగుతుంది. బండల పాలిషింగ్ షెడ్డు ముందు నీడలేని చోట నిలబెడితే, గంటలో మూత మధ్యనున్న సన్నని రంధ్రంలోంచి కారేది. ట్యాంకు రంగు పొక్కిపోయింది, రెండు ప్యాంట్లు పాడయ్యాయి. మెడదాకా పోయించకు బావా అంటే, “దినాం బంకుకు ఎవడు తిరుగుతడు బామ్మర్దీ” అన్నాడు. పోయిన ఎండాకాలం మొదట్లో ఒక ఆదివారం, రెండు ముద్దలు కలిపి పిసికితే గట్టిపడే లప్పం తెచ్చి ఆ రంధ్రాన్ని మూసేశాను. పెట్రోల్ తగ్గినకొద్దీ ఆ మేరకు గాలి లోపలికి రావాలని నాకు తెలియక కాదు. మూత చుట్టూ ఉన్న గాడిలోంచి ఒక సన్న గొట్టం బండి కిందికి దిగుతూ కనిపించింది. గాలి దాంట్లోంచి వస్తుందనుకున్నాను. అనుకున్నాను, పరీక్షించలేదు.

ఆ తర్వాత చుక్క కారలేదు. బావ ఆ మూతని షాపుకి వచ్చినవాళ్ళందరికీ చూపించేవాడట.

వికారాబాద్

తెల్లవారుజామున బయలుదేరి, చేవెళ్ళ దగ్గర ఒకసారి, మన్నెగూడ దగ్గర ఒకసారి ఆగి, ఎనిమిదిన్నరకి వికారాబాద్ చేరాను. బండి ఎక్కడా మొరాయించలేదు. ఎండ ఇంకా ఎక్కలేదు.

బస్టాండు దగ్గర పూరీలు తిన్నాను. ప్లేటుకి నాలుగు, ఆలుగడ్డ కూర, అడగకుండానే పచ్చి ఉల్లిగడ్డ. మా ఆఫీసు దగ్గర ఇదే ధరకి మూడే ఇస్తారు, ఉల్లిగడ్డ అడిగితే మొహం చూస్తారు. చాయ్ పోసే పెద్దాయన నా హెల్మెట్ చూసి, “అనంతగిరి గుట్టలకా?” అన్నాడు.

“కాదు, తాండూరుకు.”

“పట్నపోళ్ళు అందరు ఈడి గాలికోసమే వస్తరు. గాలి పీల్చుకొని, ఫొటోలు దిగి, ప్లాస్టిక్కు పారేసి పోతరు. నువ్వు ఎండల తాండూరు పోతవా? ఏమన్న పెండ్లిసంబంధమా?”

“సంవత్సరీకం.”

ఆయన ఇంకో అరకప్పు పోసి డబ్బులు తీసుకోలేదు.

బావ ఆ రోజు వికారాబాద్‌లో బయలుదేరింది పన్నెండు దాటాక అని ఆ ఇంటాయన చెప్పివున్నాడు. నేను పదకొండున్నర దాకా ఒక వేపచెట్టు నీడలో కూర్చున్నాను. తర్వాత బంకుకు పోయి నిండా పోయమన్నాను. పోసే అమ్మాయి మీటరు ఆపి నా వైపు చూసింది.

“ఎండకాలం సార్, జర తక్కువ పోస్త. మూతకెల్లి కారుతది.”

“ఈ మూత కారదు. నిండా పొయ్యి.”

ఆ మాట కొంచెం గర్వంగానే అన్నాను. రాస్తున్నప్పుడు సిగ్గుగా ఉంది, కానీ అన్నది అన్నట్టు రాయాలి.

ధారూర్

బంకు నుంచి పదకొండో కిలోమీటరులో బండి మూడుసార్లు దగ్గినట్టు చేసి ఆగింది. ఇంజిన్ వేడిగా ఉంది కానీ పట్టేయలేదు. కిక్కు కొడితే ఒకసారి పలికి మళ్ళీ పడుకుంది. రోడ్డు మీద గాలి వణుకుతోంది. పెద్ద చెట్టు ఒక్కటీ లేదు. తోసుకుంటూ నడిచాను. ఒక కిలోమీటరు కూడా ఉండదు, అయినా ధారూర్ చేరేసరికి చొక్కా పిండితే నీళ్ళు కారేటట్టుంది.

ఊరి మొదట్లో రేకుల కింద ఒక మెకానిక్ షాపు. ఆయన పేరు మహబూబ్ అని తర్వాత తెలిసింది. అరవై దాటి ఉంటాయి. నన్ను చూడకముందు బండిని చూశాడు.

“శరణప్ప సేట్ బండి గద ఇది.”

“అవును భాయ్. ఆయన మా చుట్టం.”

“పాపం, మంచి మనిషి. ఆయన పోయిన దినం ఈడనే కూసున్నడు. గా స్టూల్ మీద.” నాకు కుండలోంచి నీళ్ళిచ్చి, ట్యాంకు మూత మీద వేలు పెట్టాడు. “అగో, ఇంక గట్లనే ఉంది. తీయలేదా ఎవ్వడు? తాళంచెవి ఇయ్యి.”

ఇచ్చాను. మూత తిప్పగానే లోపలికి గాలి పీల్చుకున్న చప్పుడు వచ్చింది. నిద్రలో ఊపిరాడక ఉలిక్కిపడి లేచిన మనిషి పీల్చినట్టు, పొడుగ్గా.

“విన్నవా? ముక్కు మూసి ఉరుకుమంటే ఎట్ల ఉరుకుతది? మంచినూనె డబ్బకు రెండు పొక్కలు ఎందుకు కొడ్తరు? ఒక్కదాన్లకెల్లి నూనె రావాలె, ఇంకోదాన్లకెల్లి గాలి పోవాలె. గిది వంటింట్ల ఆడోళ్ళకు ఎరుకే, పిల్లలకు ఎరుకే.”

“గాలికి ఈ గొట్టం ఉంది కద భాయ్.”

ఆయన మూత మళ్ళీ బిగించి, చెంబుతో దాని చుట్టూ గాడిలో నీళ్ళు పోశాడు. నీళ్ళు ఆ గొట్టంలోంచి దిగి నా చెప్పుల మీద పడ్డాయి. వాన పడితే నీళ్ళు నిలవకుండా పెట్టిన గొట్టం అది. ట్యాంకు లోపలికి దానికి దారే లేదు.

నా దగ్గర బండి ఎందుకు ఆగలేదో కూడా అప్పుడే అర్థమైంది. ఊళ్ళో ఆగుతూ, సాగుతూ పోతే పెట్రోల్ మెల్లగా తగ్గుతుంది. మూత కింది రబ్బరు వాషర్ సందులోంచి దూరే కాస్త గాలి సరిపోతుంది. మధ్యాహ్నం ఎండకి రబ్బరు మెత్తబడి అతుక్కుపోతుంది. ఒకే వేగంతో పోతే పెట్రోల్ తొందరగా తగ్గుతుంది, గాలి రాదు, లోపల ఖాళీ ఏర్పడి పెట్రోల్‌ని కిందికి దిగనివ్వదు. అరగంట ఆపితే గాలి మెల్లగా దూరి మళ్ళీ నడుస్తుంది. అంటే, ఏది ముట్టుకుని అరగంట గడిపినా అదే రోగం కుదిర్చినట్టు కనిపిస్తుంది.

“ఈ సంగతి ఆయనకు చెప్పినవా భాయ్?”

“చెప్పకుంటనా? సూదితోని పొడుస్త, రెండు నిమిషాల పని అన్న. చెయ్యి పెట్టనియ్యలే. మా బామ్మర్ది పెట్టిండు, ఇంజనీరు, అడగకుంట తియ్యొద్దు అన్నడు. అడగు మరి అన్న. ఫోన్ కొట్టిండు. స్పీకర్ పెట్టిండు, నేను గిక్కడనే పానా పట్టుకొని నిలబడ్డ. గా ఇంజనీర్ సాబ్ ఏమన్నడో ఎరుకేనా? ‘మూత ముట్టుకోవద్దు బావా. మిస్త్రీలు గట్లనే అంటరు. ముందుగాల ప్లగ్గు చూడు, కాయిదం తీసి రాసుకో’ అన్నడు. ఒకటి, రెండు, మూడు, బడిపంతులు చెప్పినట్టు ఏడు చెప్పిండు. శరణప్ప సేట్ అన్నీ రాసుకున్నడు. నాకు నవ్వొచ్చింది. ఇప్పుడు తలుచుకుంటే నవ్వు రాదు.”

“తర్వాత?”

“నేను ప్లగ్గు తుడిచిన. ఒక్క కిక్కుకు లేచింది. చూసినవా మహబూబ్, మావోడు అక్కడ కూసోని చెప్తే ఈడ బండి లేసింది అన్నడు. మస్తు ఖుషీ అయిండు. పోయిండు.”

ఆ ఫోన్ నాకు గుర్తుంది. ఒంటిగంట దాటింది, క్యాంటీన్‌లో ఉన్నాను, ఎదురుగా పెరుగన్నం. ఏడు అంశాలూ వరసతో సహా గుర్తున్నాయి: ప్లగ్గు, ప్లగ్గు వైరు, పెట్రోల్ కాక్, పెట్రోల్ ఫిల్టర్, కార్బొరేటర్ గిన్నె, ఎయిర్ ఫిల్టర్, చోక్. ఏడాదిలో వాటిని ఎన్నోసార్లు తలచుకున్నాను. బావ అడిగినదానికి సరిగ్గానే చెప్పానని ఊరట పడ్డాను. మొదటి వాక్యం మాత్రం నాకు గుర్తులేదు. మహబూబ్ చెప్పేదాకా గుర్తులేదు.

ఆయన సూది తెచ్చాడు. వద్దన్నాను.

“పాగల్ అయినవా? మళ్ళా ఆగుతది.”

“ఎక్కడాగుతదో చూడాలె భాయ్.”

నా మొహం చూసి సూది పక్కన పెట్టాడు. ఒక గోనెపట్టా ముక్కని నీళ్ళలో ముంచి ట్యాంకు మీద పరిచాడు. ఇక్కడ ఎండాకాలంలో పాత బండ్లన్నిటికీ అట్లా కప్పుతారట. ఇంకో ముక్క నా మెడ చుట్టూ వేశాడు.

“నువ్వు ఆయనకు ఏమైతవ్ అన్నవ్?”

“చుట్టం,” అన్నాను మళ్ళీ.

తాటిచెట్ల దగ్గర

ధారూర్ నుంచి పద్నాలుగో కిలోమీటరులో బండి మళ్ళీ దగ్గింది. రెండున్నర. గోనెపట్టా ఎప్పుడో ఎండిపోయి చెక్కలా అయింది.

రోడ్డు పక్కన మూడు తాటిచెట్లు, వాటికి కొంచెం అవతల గొంగడి కట్టిన నాలుగు కర్రలు. ఆ నీడలో ఒక ముసలమ్మ ముంజలు కొడుతోంది. బండిని చూసి కత్తి కింద పెట్టింది.

“ఓ కొడుకా, గా బండి ఏందిది? ఇదే జాగల ఆగుతదేంది?”

అదే మూత, అదే ఎండ, దాదాపు అదే దూరం. ఆగిన చోటు కూడా అదే కావడంలో వింత లేదు. నేను వచ్చింది అది చూడటానికే. బండికి స్టాండు వేసి గొంగడి దగ్గరికి వెళ్ళాను.

“ఆ రోజు నువ్వు ఇక్కడనే ఉన్నవా అవ్వా?”

“ఏడికి పోత? ముంజల కాలం నెల దినాలే గద.” నన్ను లాగి నీడలో కూర్చోబెట్టి, మోదుగాకు మీద ఆరు ముంజలు పెట్టింది. ఆరు యాభై రూపాయలకి అమ్ముతుందట. మెహిదీపట్నంలో అయితే ఎనభై, అదీ ముదిరినవి. తింటే తప్ప మాట్లాడనిచ్చేటట్టు లేదు. తిన్నాను. చల్లగా ఉన్నాయి.

“ఇట్లనే ఆయనకు గుడ పెట్టిన,” అంది. “మూడు తిన్నడు. మళ్ళా లేసి పోయిండు బండి కాడికి. తువ్వాల పరిచి దాని మీద సామాన్లన్ని వరసపెట్టి పెట్టిండు, దుకాణం పెట్టినట్టు. చేతిల కాయిదం. ఒకటి చూసుడు, ఒకటి విప్పుడు, తుడుసుడు, మళ్ళా కాయిదం మీద గీత కొట్టుడు. నీడకు రా కొడుకా, పొద్దువంగినంక చేసుకో అన్న. ఏమన్నడో ఎరుకేనా? ‘అయిపోయిందవ్వా, ఇంక రెండే ఉన్నయ్’ అన్నడు.”

“ఇంక రెండే ఉన్నయ్ అన్నడా?”

“ఆ. ఏం రెండో నాకేమెరుక. గట్లనే కిందికి కూసున్నడు. కూసున్నడు అనుకున్న నేను. దగ్గరికి పోయి ముట్టుకుంటే ఒళ్ళు పెనం లెక్క కాలుతుంది. చెమట లేదు. నీళ్ళు గుమ్మరిచ్చిన. బండల లారీ వస్తే అడ్డం నిలబడి ఆపి ఎక్కిచ్చిన.”

ఆ రెండూ ఏమిటో నాకు తెలుసు. వాటితో బండికి ఏ సంబంధమూ లేదని కూడా తెలుసు.

అవ్వకి డబ్బులిస్తే, ఆ రోజు ఆయన ఇవ్వబోయినా తీసుకోలేదని, ఇప్పుడు మాత్రం ఎట్లా తీసుకుంటానని అంది. బండి దగ్గరికి వెళ్ళి మూత తిప్పాను. మళ్ళీ ఆ చప్పుడు. మూతని బిగించకుండా పైపైన పెట్టి, ఒక్క కిక్కుతో స్టార్ట్ చేశాను. తాండూరు చేరేదాకా ఎక్కడా ఆగలేదు.

తాండూరు

తాండూరు దగ్గరపడుతుంటే రోడ్డు తెల్లబడుతుంది. బండల పొడి ఆకుల మీద, వైర్ల మీద, మనుషుల కనురెప్పల మీద ఉంటుంది. బోర్డుల మీద కన్నడం మొదలవుతుంది. అక్క ఇంట్లో నేల, అరుగు, వంటగట్టు అన్నీ నీలం బండలే, బావ ఏరి తెచ్చి పరిపించినవి. చెప్పులు విడిచి లోపల కాలు పెడితే ఎండంతా అరికాళ్ళలోంచి దిగిపోతుంది.

అక్క బండిని చూసింది, నన్ను చూసింది. జొన్నరొట్టె, కందిపప్పు, పుంటికూర, నూనె వేసిన పల్లీల కారం పెట్టింది. మా ఇంట్లో పుంటికూర వేరే, పప్పు వేరే వండుతాం. ఇక్కడ రెండూ ఒకే ముద్దలో కలిపి తింటారు. నేను రెండో రొట్టె తుంచుతుంటే అడిగింది.

“తెలిసిందా?”

“రేపు పొద్దుగాల చెప్త అక్కా.”

ఆ సాయంత్రం అరుగు మీద కూర్చుని చెప్పదగ్గ కారణాలు లెక్కపెట్టుకున్నాను. ఒకటి, ఎండకి గొట్టంలో పెట్రోల్ ఆవిరై బుడగలు కట్టి అడ్డుపడటం. నిజంగానే జరిగేదే. రెండు, కల్తీ పెట్రోల్. మూడు, పాత ప్లగ్గు. ఆ మూడిట్లో ఏది చెప్పినా అక్క నమ్ముతుంది. ఏది చెప్పినా ఆమె ప్రశ్న ఆగిపోతుంది. మహబూబ్ ఎప్పుడూ ఇక్కడికి రాడు. ఫోన్‌లో నేనేమన్నానో తెలిసిన మూడో మనిషి లేడు.

పొద్దున ఎనిమిదింటికి అక్క తలస్నానం చేసి, తడి జుట్టుతో వాకిట్లోకి వచ్చింది. పూజ చేయించే జంగమయ్య పదకొండింటికి వస్తాడట. చెప్పాను. రంధ్రం, లప్పం, వాననీటి గొట్టం, మహబూబ్, ముంజలవ్వ, వరసగా చెప్పాను. మధ్యలో ఆపకుండా వింది.

“ఫోన్ల ఏమన్నవ్?”

“మూత ముట్టుకోవద్దన్న.”

ఆమె బండి వైపు తిరిగింది.

“ముట్టుకోలే ఆయన,” అంది.

లోపలికి పోయి మిషన్ సూది తెచ్చి నా చేతికిచ్చింది. మూత తీసి, లప్పం మీద సూది పెట్టి గుండ్రాయితో రెండుసార్లు కొట్టాను. చిట్లి ఊడింది. అక్క మూత తీసుకుని ఎండవైపు పెట్టి ఒక కన్ను మూసి చూసింది. రవ్వంత వెలుగు ఆమె చెంప మీద పడింది.

“గింతేనా?”

“గింతే.”

బీరువాలోంచి ఒక చీటీ తెచ్చింది. బండల షాపు బిల్లు, వెనకవైపు బావ రాత. చొక్కా జేబులో దొరికిందట. “షాపుల కొనేటివి అనుకున్న. ఏడాదిసంది దాచిపెట్టిన. ఎన్నడన్న తెచ్చి బండికి ఏపియ్యాలె అనుకున్న.”

ఏడు వరసలు. మొదటి అయిదింటికీ పక్కన గీతలున్నాయి. అయిదో గీత వంకరగా కిందికి జారిపోయింది.

“మిగిలిన రెండేందిరా?”

“ఎయిర్ ఫిల్టర్. చోక్.”

“అవి గుడ చేసుంటే నడుస్తుండెనా?”

“లేదక్కా. లేచినా మళ్ళా ఆగుతుండె.”

ఆమె చీటీని మడిచింది. దాన్నీ మూతనీ కలిపి కొంగున ముడివేసుకుంది. “నువ్వు పూజల కూసోకు తమ్మీ,” అని లోపలికి వెళ్ళిపోయింది. ఆమె గొంతులో కోపం కోసం వెతికాను. ఉన్నా లేకున్నా నాకు అందలేదు.

మూత లేని ట్యాంకుని ఎండలో వదలకూడదు. జేబురుమాలు తడిపి, నోటికి అడ్డంగా కట్టి, అది ఎండినప్పుడల్లా మళ్ళీ తడుపుతూ, వాకిట్లో బండి పక్కన కూర్చున్నాను. లోపల గంట మోగింది. కర్పూరం వాసన వచ్చింది. అరుగు మీద నీడ ఉంది. అయినా, గోడ నీడ బండి దాకా వచ్చేవరకు నేను అక్కడి నుంచి లేవలేదు.